నల్ల పొర

హెచ్‌టీ (హై టెన్షన్) కేబుల్‌ను అడ్డంగా కోస్తే చూపు ముందు లోపలి తీగ మీదికి, తర్వాత తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ మీదికి పోతుంది. ఆ తెల్లదానికి లోపలా బయటా అంటుకున్న పల్చటి నల్ల పొరను ఎవరూ పట్టించుకోరు. నాకు ఇష్టమైంది అదే. కేబుల్ కొసలు కట్టే జాయింటర్లు దాన్ని సెమికాన్ అంటారు. ప్లాస్టిక్‌లో కార్బన్ బ్లాక్, అంటే మెత్తటి మసి, కలిపి చేస్తారు.

మసి కొంచెమే కలిపితే ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. పెంచుతూ పోతే ఒక హద్దు దగ్గర రేణువులు ఈ కొస నుంచి ఆ కొసకు దారి కడతాయి. నిరోధం ఒక్కసారిగా లక్షల రెట్లు పడిపోతుంది. పెన్న నదిలో రాళ్లు అడుగు దూరంలో ఉంటేనే కదా దాటగలిగేది! వేడికి ప్లాస్టిక్ ఉబ్బితే రాళ్లు ఎడమవుతాయి. అందుకే ఐఈసీ 60502 ప్రమాణం కేబుల్ పనిచేసే వేడిలోనూ నిరోధకతకు హద్దు పెట్టింది: లోపలి పొరకు 1000 ఓమ్-మీటర్లు, బయటి పొరకు 500.

1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ పాలీఎసిటిలీన్‌కు అయోడిన్ పట్టించి, మసి లేకుండా ప్లాస్టిక్‌లోనే కరెంటు పారించారు. 2000లో నోబెల్ వచ్చింది. అలాంటి పాలీఅనిలీన్‌ను మామూలు ప్లాస్టిక్‌లో కలిపి ఫిల్ము పోసినా లెక్క ఇదే, దారి కుదరాలి.

మా ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, కలమళ్ళలో 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ (ఆర్టీపీపీ). కేబుల్ కొసలు కట్టే పని ఇక్కడ ఎప్పుడూ ఉంటుంది. బయటి నల్ల పొరను ఎక్కడ ఆపితే అక్కడ విద్యుత్ ఒత్తిడంతా పోగవుతుంది. ఆ అంచు నున్నగా దిగాలి. అంటుకుపోయిన రకమైతే గాజు ముక్కతో గీకుతారు. మా వైపు జాయింటర్ల మాట ఒకటే: "తెల్లదాని మీద గాటు పడిందంటే ఇంగ అంతేన్నా." గాటులో గాలి నిలిచి, సన్నని డిశ్చార్జి నెలల తరబడి కొరికి, ఒకరోజు కేబుల్‌ను పేలుస్తుంది.

తుడవడంలోనూ పద్ధతుంది. తెల్లదాని నుంచి నల్లదాని వైపే గుడ్డ పోవాలి. వెనక్కి లాగితే మసి తెల్లదాని మీద పరుచుకుని కరెంటుకు దారి చూపుతుంది. సిమెంటు దుమ్ములో, మే నెల ఎండలో, చుట్టూ టార్పాలిన్ కట్టుకుని ఆ ఒక్క దిశను తప్పకుండా పాటించే చేతులంటే నాకు ఎంతో గౌరవం. షట్‌డౌన్ గంటలు లెక్కగట్టే ఇంజనీర్లు ఆ తుడుపుకూ ఆ అంచుకూ కావాల్సిన టైము ముందే కలిపి రాయాలి. జాయింటర్ వెనక నిలబడి తొందరపెట్టకూడదు.