ఇంటిపేరును పదవియును

మనుష్యుని సొంత పేరు అతనిని ఇతరులనుండి వేరుపరచుటకు పెట్టబడినది. ఇంటిపేరు అతనిని కొందరితో కలుపుటకు పెట్టబడినది. ఈ రెండు పనులను వేరువేరుగా నుంచుకొన్నంతకాలము చిక్కులేదు. కలుపుటకు పుట్టిన మాటతో మనుష్యుని యోగ్యతను కొలువబూనినప్పుడే చిక్కు పుట్టుచున్నది. ఒకే ఇంటిపేరు గల రాజకీయనాయకులను ఒకచోట గ్రుచ్చి పట్టికలు వ్రాయు అలవాటు పాశ్చాత్యదేశములనుండి మనకును సంక్రమించినది. అట్టి పట్టిక చదువరికేమి చెప్పుచున్నది, ఏమి దాచుచున్నది అను విషయమును విమర్శించుటకు ఈ వ్యాసము నుద్దేశించితిమి.

మమ్మీ విచారమునకు పురికొల్పినది మా టేకులపల్లి తరగతిగదియే. 'మన ప్రాంతమునుండి శాసనసభకు వెళ్లినవారు' అను విషయముపై వ్యాసము వ్రాయుడని ఒకనాడు పైతరగతి పిల్లలను కోరితిమి. ఒక కోయ బాలుడు 'మా కుంజావారు ముగ్గురు శాసనసభకు వెళ్లినారు' అని మొదలుపెట్టి, మూడు పేర్లు వ్రాసి, పలక క్రింద పెట్టినట్లు కలము క్రింద పెట్టెను. 'వారేమి చేసిరో వ్రాయలేదేమి నాయనా?' అని మేమడుగగా, 'పేర్లు వ్రాసినాను గదా, సారూ!' అనెను. అంతలో వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి, 'మా ఇంటిపేరోళ్లు ఒక్కరు గూడ పోలేదు సారూ, మరి నేనేమి వ్రాయాలె?' అని అడిగెను. బాలుని తృప్తియు, బాలిక నిరాశయు ఒక్క పొరపాటునుండియే పుట్టినవని మాకప్పుడు తోచినది. ఇంటిపేరే ప్రాతినిధ్యమని ఒకడు సంతోషించెను. ఇంటిపేరే ప్రాతినిధ్యమని వేరొకతె చిన్నబోయెను.

బాలుడు వ్రాసిన మూడు పేర్లును సత్యములే. కుంజా బొజ్జిగారు భద్రాచలమునుండి 1985, 1989, 1994 సంవత్సరములలో మూడుమార్లు మార్క్సిస్టు కమ్యూనిస్టు పక్షమున గెలిచిరి. కుంజా భిక్షంగారు గోదావరి కీవలనున్న బూర్గంపహాడునుండి 1989, 1994 సంవత్సరములలో భారత కమ్యూనిస్టు పక్షమున గెలిచిరి. కుంజా సత్యవతిగారు 2009లో భద్రాచలమునుండియే కాంగ్రెసు పక్షమున గెలిచిరి. నదికి రెండు ఒడ్డుల నియోజకవర్గములనుండి రెండు వేర్వేరు పక్షములకు చెందిన ఇద్దరు కుంజావారు ఒకే శాసనసభలో కూర్చుండిన కాలము కలదు. 2009 ఎన్నికలనాటికి పునర్విభజనమువలన బూర్గంపహాడు నియోజకవర్గమే మాసిపోయి, పినపాక ఏర్పడినది. బొజ్జిగారు 2021లోను, సత్యవతిగారు 2023లోను కాలధర్మము నొందిరి.

ఈ ముగ్గురను ఒక్క పట్టికలో చేర్చినచో చదువరి ఏమనుకొనును? తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత కోడలు అన్నట్లుగా ఒక రాజవంశము ఈ అడవి నేలుచున్నదని భ్రమించును. సత్యమట్టిది కాదు. కోయలలో ఇంటిపేరు ఒక్క ఇంటికి చెందినది కాదు. అది అనేక గ్రామములలో వ్యాపించిన ఒక పెద్ద తెగకు గుర్తు. ప్రతి ఇంటిపేరును ఏదో యొక గట్టునకు చేరియుండును; గట్టునకు ఇలవేల్పు కలదు, ఆ వేల్పు కొలుపులు కలవు. ఒక గట్టువారందరును అన్నదమ్ముల వరుస. వారిలో వారికి పెండ్లి కూడదు. వేరుగట్టువారితోనే వియ్యము. అనగా ఇంటిపేరు చేయు ముఖ్యమైన పని, ఎవరిని పెండ్లాడవచ్చునో ఎవరిని పెండ్లాడరాదో తెలుపుట. ఆ పనిని అది చక్కగా నెరవేర్చుచున్నది. శాసనసభకెవరిని పంపవలెనో తెలుపు పని దానికెవ్వరును అప్పగింపలేదు.

ఒకే ఇంటిపేరు మరల మరల కనబడుటకు కారణము వంశాధికారము గాక మరియొకటి కలదు. భద్రాచలము, ఇల్లెందు, వైరా మొదలగు నియోజకవర్గములు షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినవి. అభ్యర్థులు మిక్కిలిగా కోయలనుండియు లంబాడీలనుండియు వచ్చుచున్నారు. ఇంటిపేరొక్కొక్కటి వేలకొలది కుటుంబములను కప్పియుండు జనములలో, ఒక్క ఇంటిపేరువారు పలువురు గెలుచుట వింత కాదు, గెలువకుండుటయే వింత. మా మండలపు తండాలలో వినవచ్చు బానోతు అను ఇంటిపేరునే చూడుడు. వైరానుండి 2009లో బానోతు చంద్రావతిగారు భారత కమ్యూనిస్టు పక్షమునను, 2014లో బానోతు మదన్‌లాల్‌గారు వై. ఎస్. ఆర్. కాంగ్రెసు పక్షమునను గెలిచిరి. మహబూబాబాదునుండి బానోతు శంకర్‌నాయక్‌గారు 2014, 2018లలో తెలంగాణ రాష్ట్ర సమితి తరపున గెలిచిరి. మా ఇల్లెందునుండి 2018లో బానోతు హరిప్రియగారు కాంగ్రెసు తరపున నిలిచి, రాష్ట్ర సమితి తరపున నిలిచిన కోరం కనకయ్యగారిని ఓడించిరి. 2023లో కనకయ్యగారు కాంగ్రెసు తరపున నిలిచి, ఆ సమితి తరపున నిలిచిన హరిప్రియగారిని ఓడించిరి. అయిదేండ్లలో ఇద్దరును జెండాలు మార్చుకొనిరి. ఇంటిపేర్లు మాత్రము ఎక్కడివక్కడనే యున్నవి. మారనిదానిని చూచి మారినదానిని గ్రహింపలేని పట్టికతో వోటరుకేమి లాభము?

మరియొక పోలిక. బొజ్జిగారి తరువాత భద్రాచలమునుండి అదే పక్షమున 1999, 2004, 2014లలో మూడుమార్లు గెలిచినవారు సున్నం రాజయ్యగారు. వీరి గ్రామము పేరే సున్నంవారిగూడెము. ఊరికి పేరైన ఇంటిపేరు వీరిది. అయినను ప్రజలు బొజ్జిగారిని రాజయ్యగారిని ఒక్క ఊపిరిలో తలచుట ఇంటిపేరువలన కాదు. ఇద్దరును నిరాడంబరముగా బ్రతికి, ఒక్క సిద్ధాంతమును అంటిపెట్టుకొని యుండుటవలన. ఆ సిద్ధాంతము మనకు సమ్మతమా కాదా అనునది వేరు మాట. ఇంటిపేర్ల పట్టికలో ఈ ఇద్దరును ఎన్నటికిని ఒకచోటికి రారు. విడిపోయిన కుంజావారిని కలిపి, కలిసి నడచిన బొజ్జి రాజయ్యలను విడదీయు పట్టిక తలక్రిందులుగా వ్రాసిన చరిత్ర యని చెప్పక తప్పదు.

ఈ పొరపాటు మన అడవిపల్లెలకే చెందినదని ఎవరును చిన్నచూపు చూడనక్కరలేదు. ఇట్టి పట్టికలకు పుట్టిల్లయిన అమెరికాలో జాన్సను అను ఇంటిపేరుగల అధ్యక్షులిద్దరు కలరు. 1865లో లింకను హత్య గావింపబడగా ఉపాధ్యక్షుడుగా నున్న ఆండ్రూ జాన్సను అధ్యక్షుడయ్యెను. 1963లో కెన్నడీ హత్య గావింపబడగా ఉపాధ్యక్షుడుగా నున్న లిండన్ జాన్సను అధ్యక్షుడయ్యెను. ఇద్దరును దక్షిణదేశపువారే. ఇంటిపేరును, పదవికెక్కిన దారియును ఇంతగా కలిసినను, వారిద్దరకును బంధుత్వము లేదు. మొదటి జాన్సను, విముక్తులైన నీగ్రోలకు పౌరహక్కులొసగు చట్టమును 1866లో నిరాకరింపగా, శాసనసభవారు ఆయన నిరాకరణమును త్రోసివైచి చట్టము చేసిరి. 1868లో ఆయనపై అభియోగము నడువగా ఒక్క వోటు తేడాతో పదవి దక్కెను. రెండవ జాన్సను 1964లో పౌరహక్కుల చట్టముపైనను, 1965లో వోటుహక్కుల చట్టముపైనను సంతకము చేసెను. ఒక జాన్సను అడ్డగించిన మార్గముననే నూరేండ్లకు వేరొక జాన్సను నడచెను. ఇంటిపేరును చూచి వోటు వేయువానికి ఈ ఒక్క దృష్టాంతము చాలును.

అక్కడ నిజముగా బంధువులైన వారును లేకపోలేదు. ఆడమ్సులు తండ్రికొడుకులు, హారిసనులు తాతమనుమలు, బుష్షులు తండ్రికొడుకులు. రూజువెల్టులు దూరపు దాయాదులు. థియొడోరు రిపబ్లికను పక్షమువాడు, ఫ్రాంక్లిను డెమొక్రాటిక్ పక్షమువాడు. జాన్సనులను హారిసనులను ఒకే తీరున వరుసపెట్టు పట్టిక రక్తసంబంధమును కాకతాళీయమును వేరుచేయజాలకున్నది. వైద్యుడు జ్వరమునకును ఎండదెబ్బకును ఒక్కటే మాత్ర యిచ్చినట్లున్నది.

మన తెలుగువారి విషయమున ఈ చిక్కు ఇబ్బడియగును. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర వచ్చును. మనకు మొదట వచ్చును. వారి పద్ధతిని మన పేర్లపై రుద్దినచో నీలం సంజీవరెడ్డిగారు, కాసు బ్రహ్మానందరెడ్డిగారు, మర్రి చెన్నారెడ్డిగారు 'రెడ్డి' యను ఒక్క కుటుంబమువారగుదురు! నీలంవారెవరో, కాసువారెవరో, మర్రివారెవరో మాసిపోవుదురు. పోనీ, నిజమైన ఇంటిపేరైన కులమునైనను తెలుపునా యన్న, అదియు నిశ్చయము కాదు. మా ఇల్లెందునుండి అయిదుమార్లు శాసనసభకు వెళ్లిన గుమ్మడి నర్సయ్యగారు కోయలు. తెనాలి ప్రాంతమున పుట్టి, చలనచిత్రములలో ఇంటిపేరుతోనే ప్రసిద్ధులైన నటులు గుమ్మడివారు కోయలు కారు. ఒక్క మాట రెండు జనములలో రెండు దారులను నడచినది. పేరునుబట్టి కులమును, కులమునుబట్టి గుణమును ఊహించువారు ఈ గుమ్మడికాయ దగ్గర కొంచెము నిలిచి ఆలోచింతురుగాక.

ఈ పట్టికలలో మేము గుర్తించిన అన్నిటికన్న పెద్ద లోపము వేరొకటి కలదు. అవి ఆడపడుచులను మరుగుపరచును. నందమూరి తారకరామారావుగారు 1983లో ముఖ్యమంత్రి యయిరి. 1995లో ఆ పదవి వారి కుమారులకు గాక అల్లుడైన నారా చంద్రబాబునాయుడుగారికి చేరినది. వారి కుమార్తె పురంధేశ్వరిగారు దగ్గుబాటివారి ఇంటిపేరుతో కేంద్రమంత్రి యయిరి. నందమూరి అను శీర్షిక క్రింద వెదకువానికి వీరిద్దరును కనబడరు. వంశాధికారమును బయటపెట్టుటకు ఇంటిపేర్ల పట్టిక యుపకరించునని వాదించువారు కలరు. అది ఉపకరించునది సగమే. అల్లుండ్రద్వారమునను కూతుండ్రద్వారమునను అధికారము నడచినప్పుడు ఆ పట్టిక కన్నులు మూసికొనును. అమెరికాలోనైనను ఎలియనారు రూజువెల్టు థియొడోరుకు తమ్ముని కూతురు, ఫ్రాంక్లినుకు భార్య. పుట్టినింట మెట్టినింట ఒకే ఇంటిపేరగుటచేత ఆమె పట్టికలో నిలిచినది. అట్టి యోగము ఎందరు స్త్రీలకు పట్టును? పెండ్లితో ఇంటిపేరు మారు ఆచారమున్నంతకాలము, ఇంటిపేరుతో వ్రాసిన చరిత్ర మగవారి చరిత్రయే యగును.

వంశపారంపర్యమును గుర్తింపనే వలదా యని చదువరులడుగవచ్చును. తప్పక గుర్తింపవలెను. మా జిల్లాలో జలగంవారిని చూడుడు. జలగం వెంగళరావుగారు 1973 నుండి 1978 వరకు ముఖ్యమంత్రిగా నుండిరి. వారి సోదరులు కొండలరావుగారు ఖమ్మమునుండి లోకసభకు వెళ్లిరి. వారి కుమారులు ప్రసాదరావుగారు మంత్రి యయిరి. మరియొక కుమారులు వెంకటరావుగారు 2004లో సత్తుపల్లినుండియు, 2014లో కొత్తగూడెమునుండియు శాసనసభకు వెళ్లిరి. ఇక్కడ ఇంటిపేరును ఇల్లును ఒక్కటియే. ఇది తెలిసికొనదగిన విషయము. కాని దీనిని తెలుపునది ఇంటిపేరు కాదు. ఎవరెవరికి ఏమి కావలెనో చెప్పిన ఆ రెండు మూడు మాటలు. ఆ మాటలు లేనిచో జలగంవారును కుంజావారును ఒక్కతీరుననే కనబడుదురు. వారసత్వము వెన్నంటి వచ్చినవానికిని, ఎవరి అండయులేక అడవినుండి వచ్చినవానికిని భేదము తెలియనిచో ప్రజాస్వామ్యమున మనకు తెలిసినదేమి?

సంస్కృతసాహిత్యమున వంశమును గానము చేసిన కావ్యములలో రఘువంశము ముఖ్యమైనది. కాళిదాసు దిలీపునితో ప్రారంభించి, రఘువును అజుని రాముని వర్ణించి, కడపటి సర్గమున అగ్నివర్ణుని తెచ్చి నిలిపెను. ఆ రాజు భోగములలో మునిగి, దర్శనమునకు వచ్చిన ప్రజలకు కిటికీనుండి కాలు మాత్రము చూపెను. వంశము పేరు అదియే. కాలు మాత్రమే మిగిలినది. వంశకావ్యము వ్రాసిన మహాకవియే ఒక్కొక్కరాజును వాని నడవడినిబట్టి కొలిచెను గాని, వంశనామమును చూచి అందరకును ఒక్క మార్కు వేయలేదు. మన పట్టికల కర్తలకు ఆపాటి విచక్షణము లేకపోవుట శోచనీయము.

కావున పట్టికలు వలదని మేము చెప్పము, చాలనివని చెప్పుచున్నాము. పేరు ప్రక్కన సంవత్సరముండవలెను, నియోజకవర్గముండవలెను, పక్షము మారినచో ఎప్పుడు మారెనో యుండవలెను, బంధుత్వమున్నచో ఏ బంధుత్వమో, లేనిచో లేదనియు వ్రాయవలెను. అన్నిటికన్న మించి, సభలో ఏ చట్టమును సమర్థించిరో, దేనిని ఎదిరించిరో, తమ ప్రజల భూమికి అడవికి బడికి సంబంధించి ఏమి పలికిరో వ్రాయవలెను. అప్పుడది పట్టిక కాదు, తీర్పు చెప్పుటకు వలసిన సాక్ష్యము.

మరునాడు ఆ బాలునకును బాలికకును ఈ విధముగనే చెప్పితిమి. బాలుడు తన కాగితము తీసికొని మూడు పేర్ల క్రింద మూడు ఖాళీలు విడిచి, ఇంటికి పోయి పెద్దలను అడిగి వ్రాసికొని వత్తుననెను. బాలిక మాత్రము కొంతసేపు ఊరకుండి, 'అట్లయితే సారూ, మా ఇంటిపేరు లేకున్నా వాళ్లు మాకు గూడ ఎమ్మెల్యేలే గదా?' అని అడిగెను. అవునంటిమి. 'అయితే మా తండాకు ఏమి చేసినారో నేను గూడ అడుగవచ్చు' అని కూర్చుండి వ్రాయసాగెను. ఆ ప్రశ్న నడుగుటకు ఏ ఇంటిపేరును అక్కరలేదు.