ఖాళీ కుర్చీతో మాట్లాడించే విద్య

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగినా ఇళ్లలో తెలుగు ఉండిపోయింది. తిరువళ్లూరు జిల్లాలో పళ్లిపట్టు వైపు తెలుగింట పుట్టినవాళ్లకు బడి తమిళం, ఆఫీసు తమిళం. లాలీ తిట్టూ ఏడుపూ తెలుగు. వాళ్ల ఎదుట కూర్చునే శిక్షణార్థి కౌన్సెలర్ అడగాల్సిన తొలి ప్రశ్న, "మీకు ఏ భాషలో చెప్పుకుంటే సులువు?"

దిగులుగా ఉందని పెద్దవాళ్లు ఎక్కడ చెబుతారు? నిద్ర పట్టడం లేదంటారు, గుండెదడ అంటారు, ఒళ్లు నొప్పులంటారు. గుచ్చిగుచ్చి అడిగితే "ఏం లేదులేమ్మా" అని లేచిపోతారు. చేతికి పని, గొంతుకు వేషం ఇచ్చే పద్ధతులు అక్కరకొచ్చేది అప్పుడే.

వాటిలో గొప్పది ఖాళీ కుర్చీ. 1921లో వియన్నాలో జేకబ్ మొరెనో అనే వైద్యుడు మొదలుపెట్టిన నాటక ప్రయోగాలే సైకోడ్రామాకు మూలం. కుర్చీ ఆ దారిలోదే. గెస్టాల్ట్ చికిత్సలో ఫ్రిట్జ్ పెర్ల్స్ దానికి పేరు తెచ్చాడు. భర్త పోయిన ఆవిడ ఎదుట కుర్చీ వేసి, "ఆయన ఇక్కడున్నారనుకోండి, ఏం చెబుతారు?" అంటారు. చెప్పాక ఆవిడే ఆ కుర్చీలోకి మారి ఆయన తరఫున బదులివ్వాలి. ఆయన గురించి ఏళ్లుగా చెబుతున్న ఆవిడ ఆయనతోనే మాట్లాడేసరికి అణిచిపెట్టుకున్న కోపం, మిగిలిన ప్రేమ రెండూ బయటికొస్తాయి. ద్రౌపదమ్మ గుడి ముందు తెల్లవార్లూ భారతకూత్తు అనే వీధినాటకం చూసే సీమ ఇది. మరొకరి గొంతు అరువు తెచ్చుకోవడం ఇక్కడివాళ్లకు వింత కాదు. అయితే పచ్చిగాయం మీద ఈ పని చేయకూడదు. వద్దన్న క్షణాన ఆపాలి. శిక్షణలో ఉన్నవారు పర్యవేక్షకుల సలహా లేకుండా దీని జోలికి పోకూడదు.

ఇంకొకటి తాడు. నేల మీద పరిస్తే అదే జీవితం: మంచిరోజులకు పువ్వు, కష్టకాలానికి రాయి. చదువు రాకపోయినా పెట్టొచ్చు, చూపు లేకపోయినా తడిమి చెప్పొచ్చు. ఏ రాయి ఎందుకో చెప్పాల్సింది పెట్టినవారే, కౌన్సెలర్ సొంత అర్థాలు తీయకూడదు.

ఇలా అందరినీ కలుపుకోవడం కౌన్సెలర్ దయాదాక్షిణ్యం మీద ఆధారపడ్డ విషయం కాదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం, మతం, వర్గం, వైకల్యం, లైంగికత పేరిట వివక్ష చూపరాదంటుంది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ప్రేమించుకున్న ఇద్దరు యువతుల కేసులో తనకు తెలియనిది తెలుసుకోవడానికి తానే సైకాలజిస్టు ఎదుట కూర్చున్నారు. లైంగికతను 'మార్చే' చికిత్సలను 2021 జూన్‌లో నిషేధించారు. అంతటి న్యాయమూర్తే నేర్చుకోగా, శిక్షణార్థి తనకు తెలియదని తప్పించుకోలేడు.

కౌన్సెలర్ దగ్గరలో లేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ అది. రాత్రీపగలూ ఉచితం. తమిళనాడులో ఉన్నా తెలుగులో మాట్లాడాలని అడగండి.