ముడులు చెక్కి, ముడి విప్పిన ఉలి

ఇంగ్లండ్‌లో 12వ శతాబ్దపు రాతిపని గొప్పతనం తెలియాలంటే పెద్ద పెద్ద కథీడ్రళ్లకే వెళ్లనక్కర్లేదు. వేల్స్ సరిహద్దుకు చేరువలో, హెరెఫర్డ్‌షైర్‌లోని ఎర్డిస్లీ అనే పల్లెకు వెళ్తే చాలు. అక్కడి సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చిలో పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చే రాతి తొట్టి ఒకటుంది. 1150 ప్రాంతంలో చెక్కింది. చెక్కినవారి పేరు ఎవరికీ తెలియదు. పనితనం మాత్రం ఈనాటికీ కళ్లు తిప్పుకోనివ్వదు.

ఆ రోజుల్లో బిడ్డను నీళ్లలో ముంచి జ్ఞానస్నానం ఇచ్చేవారు. అందుకే తొట్టి లోతుగా, వెడల్పుగా ఉండాలి. రాయి నీరు పీల్చకుండా లోపల సీసపు రేకు పరిచేవారు. మంత్రించిన నీటిని ఎప్పటికప్పుడు మార్చకుండా నిల్వ ఉంచేవారు. ఆ నీటిని చేతబడికి ఎత్తుకుపోతారన్న భయంతో తొట్లకు మూతలు పెట్టి తాళాలు వేయాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ ఆదేశించాడు. పాత తొట్ల అంచుల మీద ఆ మూతలను బిగించిన ఇనుప కొక్కేలు దిగిన గుంటలు, పెచ్చులూడిన చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే జ్ఞానస్నానపు తొట్టి చూసి మురవడానికి చేసిన బొమ్మ కాదు, వాడుక సామాను. శిల్పి తన కళనంతా ఒక వాడుక సామాను మీద కుమ్మరించాడు.

ఎర్డిస్లీ తొట్టి పానపాత్ర ఆకారంలో ఉంటుంది. పైన విశాలమైన గిన్నె, కింద సన్నబడిన కాడ. పై అంచు చుట్టూ జడలా అల్లిన పట్టీ. కాడ మీద కూడా అల్లికే. గిన్నె ఒంటి మీద ఒక చోట ఇద్దరు యోధులు పోరాడుతున్నారు. ఒకడి చేతిలో బల్లెం, మరొకడి చేతిలో కత్తి. బల్లెం మొన కత్తివాడి తొడలో దిగింది. ఇద్దరి బట్టల మీదా దగ్గరదగ్గరగా చాళ్లు తీసినట్టు సమాంతర గీతలు. ఈ ప్రాంతపు శిల్పుల పనితీరును ఇట్టే పట్టిచ్చే గుర్తు అది. ఇక్కడి బాస్కర్‌విల్ వంశీయుడొకడు తన మామగారితో చేసిన ద్వంద్వయుద్ధమే ఇదని ఊళ్లో చెప్పుకుంటారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల చుట్టూ ఉన్న తీగ. పలుపుతాడంత లావున్న ఆ తీగ ఒక చోట పైనుంచి, మరో చోట కిందినుంచి పోతూ వాళ్ల కాళ్లనీ చేతులనీ చుట్టేసింది. మన మెలికల ముగ్గులో గీత ఎక్కడా తెగకుండా చుక్కల మధ్య తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది. అయితే ముగ్గులో గీత మీద గీత వేస్తే సరిపోతుంది. రాతిలో అలా కుదరదు. కింద ఉండాల్సిన తీగను ముందే లోతుగా తొలిచి, పైన ఉండాల్సినదాన్ని ఉబ్బుగా మిగల్చాలి. ఒక్క మెలికలో పైకిందులు తారుమారైతే అల్లిక అంతా చెడుతుంది. పైగా చెక్కేది చదును పలక మీద కాదు, వంపు తిరిగిన గిన్నె మీద. శిల్పి ఎక్కడ నిలబడ్డా మిగతా బొమ్మ అతని కంటికి కనిపించదు. మొత్తం అల్లికను మనసులో పెట్టుకునే ఉలి ఆడించాలి.

యోధుల దగ్గర్నుంచి పక్కకు జరిగితే క్రీస్తు కనిపిస్తాడు. చేత సిలువ పట్టుకుని, తీగల చిక్కులో కూరుకుపోయిన ఒక చిన్న మనిషిని చేయి పట్టి లాగుతున్నాడు. క్రీస్తు పాతాళంలోకి దిగి అక్కడి ఆత్మలను విడిపించిన ఘట్టమిది. యోధులను బంధించిందీ, ఈ మనిషిని బంధించిందీ ఒకే తరహా తీగ. పగ ఒక చిక్కు, పాపం ఒక చిక్కు. అందులోంచి బయటకు లాగడమే జ్ఞానస్నానం. ఒక్క అక్షరం చెక్కకుండా, కేవలం అలంకారం అనిపించే అల్లికతోనే శిల్పి ఇంత మాట చెప్పాడు. ఈ తొట్టి గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ పక్కనే భారీ సింహం ఒకటి ఉంది. గిన్నె గుండ్రంగా ఉంది కాబట్టి కథకు మొదలూ చివరా లేవు. చుట్టూ తిరిగితేనే అది పూర్తవుతుంది.

ఎర్డిస్లీ తొట్టి ఒంటరి అద్భుతం కాదు. కిల్‌పెక్, షాబ్డన్ చర్చిల శిల్పాలను చెక్కిన సంప్రదాయానికే చెందింది. కళాచరిత్రకారులు ఆ సంప్రదాయాన్ని హెరెఫర్డ్‌షైర్ శైలి అంటారు. ఇదే జిల్లాలోని కాసిల్ ఫ్రోమ్‌లో మరో తొట్టి ఉంది. దాన్ని ముడుచుకు కూర్చున్న మనుషులు వీపుల మీద మోస్తుంటారు. దాని మీద క్రీస్తు వలయాలు వలయాలుగా చెక్కిన నీటిగుంటలో నిలబడి ఉంటాడు, ఆ నీళ్లలో చేపలు ఈదుతుంటాయి. గట్టి రాయిలో నీటి కదలికను చూపడానికి శిల్పికి కొన్ని గుండ్రటి గీతలే సరిపోయాయి.

ఉత్తరాన కంబ్రియాలోని బ్రైడ్‌కిర్క్ తొట్టి శిల్పి మాత్రం తన పేరు దాచుకోలేదు. రికార్త్ అనే తానే దీన్ని చెక్కి, ఇంత అందంగా తీర్చానని రూనిక్ లిపిలో రాసుకున్నాడు. ఆ రాత కిందే సుత్తి, ఉలి పట్టిన మనిషి బొమ్మ కూడా ఉంది.

ఇలాంటి తొట్లను చూడబోతే చర్చిలోకి పక్కవాటు వెలుతురు పడే వేళ చూసుకోండి. ఉలి లోతు అప్పుడే తెలుస్తుంది. ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసుకుని వచ్చేయకండి. ఏదో ఒక తీగను ఎంచుకుని, అది ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో చూపుతో వెంటాడుతూ తొట్టి చుట్టూ తిరగండి. ఎర్డిస్లీ శిల్పి తన పేరు చెక్కుకోలేదు గానీ, అతని బుర్ర ఎలా పనిచేసిందో ఆ తీగే చెబుతుంది.