పాణి పక్కన నీళ్ళు

వలిసె పూలు విరగబూసే రోజుల్లో అరకు దగ్గర ఒక చిన్న బడికి వెళ్ళాను. పంతులమ్మ నీళ్ళ కుండ బొమ్మ చూపించి, అందులో ఏముందని అడిగారు. ముందు వరసలో పిల్లాడు తన ఇంటి భాషలో ‘పాణి’ అనేసి, చప్పున నాలుక కరుచుకుని ‘నీళ్ళు’ అని సర్దుకున్నాడు. ఆవిడ బోర్డు మీద తెలుగు అక్షరాల్లో ‘పాణి’ అని రాసి, దాని పక్కన ‘నీళ్ళు’ రాశారు. వాడి కళ్ళు మొదటి మాట మీదే ఉండిపోయాయి.

ఆ రాత్రంతా సోర్లీ మెక్లీన్ గుర్తొస్తూనే ఉన్నారు. స్కాట్లండ్ పడమటి తీరాన రాసే దీవిలో 1911లో పుట్టిన గేలిక్ భాషా కవి. ఆయన పుట్టక ముందే ఆ దీవిలో ఊళ్ళు ఖాళీ చేయించి గొర్రెల మేతకు వదిలేశారు. అలా పాడుపడ్డ హల్లేగ్ పేరుతోనే ఆయన అతి గొప్ప కవిత ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్ళారు. 1942 నవంబరులో ఎల్ అలమీన్ దగ్గర మందుపాతర పేలి పాదాల ఎముకలు విరిగాయి. నెలల తరబడి ఆస్పత్రి. మరుసటేడు ప్రేమ కవితల పుస్తకం అచ్చయింది.

నన్ను పట్టి కుదిపేది ఆ తర్వాతి జీవితం. 1956 నుంచి 1972 దాకా ప్లాక్టన్ అనే పల్లెలో ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు. పిల్లల చేత వాళ్ళ సొంత కర్రబంతాట షింటీ ఆడించారు. ఇంట్లో గేలిక్ మాట్లాడే పిల్లలకూ, బడికొచ్చి నేర్చుకునే పిల్లలకూ ఒకే ప్రశ్నపత్రం పెట్టడం అన్యాయమని ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి నేర్చుకునేవాళ్ళకు వేరే పరీక్ష వచ్చింది. ఆ బడి చాకిరీలో కవిత్వం బాగా తగ్గిపోయింది. అయితేనేం, ఆ ప్రశ్నపత్రాన్ని కూడా ఆయన రచనల్లోనే లెక్కేస్తాను నేను.

మన తూర్పు కనుమల్లోనూ అలాంటి మాస్టారు ఒకరుండేవారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి పంతులు కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుంటే, మింగిన క్వినైన్ చెవులు తీసేసింది. ఒక భాషను చెవితో పట్టుకోవాల్సిన మనిషికి వినికిడే పోయింది. అయినా సవర పని వదల్లేదు.

ఆ రోజు నేను బయల్దేరేసరికి అరకు దగ్గరి ఆ బడిలో గంట కొట్టారు. పంతులమ్మ బోర్డు తుడవబోతుంటే ముందు వరస పిల్లాడు పరుగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. ‘పాణి’ ఉంచమని అడిగాడు. ఈసారి నాలుక కరుచుకోలేదు, ఇంటి మాటలోనే అడిగాడు.