‘కార్తీకదీపం’ ధారావాహిక: దాంపత్య ద్రోహం, నాయిక నిర్దోషిత్వం

వ్యాససంగ్రహం

‘స్టార్ మా’లో 2017 నుంచి 2023 వరకు ప్రసారమైన ‘కార్తీకదీపం’ భార్య శీలంపై భర్తకు కలిగిన అనుమానం చుట్టూ అల్లిన కథ. దాంపత్య ద్రోహాన్ని ఇతివృత్తంగా స్వీకరించినా ఈ ధారావాహిక నాయికకు ఏ నైతిక దోషాన్నీ అంటనివ్వలేదు. ఆ దోషం ఎక్కడికి బదిలీ అయింది, ఆ బదిలీలో భర్త తప్పు ఏమైంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధారావాహిక, దాంపత్య ద్రోహం, శీలం, ప్రతినాయిక, నిరూపణ భారం.

1. ఉపోద్ఘాతం

తెలుగు కుటుంబాలు ప్రతి రాత్రీ వినే కథ నేడు ఎక్కువగా టెలివిజన్‌లోనే ఉంది. నవలకు, సినిమాకు దక్కిన విమర్శ మాత్రం దానికి ఇంకా దక్కలేదు. కాపుగంటి రాజేంద్ర దర్శకత్వం వహించిన ‘కార్తీకదీపం’ మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. మాతృకలో నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథ్ తెలుగులోనూ నాయిక దీపగా నటించారు. డాక్టర్ కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, ప్రతినాయిక మోనితగా శోభాశెట్టి నటించారు.

కథ మూలం చిన్నది. తనకు సంతానయోగ్యత లేదని కార్తీక్ నమ్మేలా మోనిత చేస్తుంది. భార్య గర్భవతి కాగానే అతడు ఆమెను శంకిస్తాడు. దీప ఇల్లు విడుస్తుంది. కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి ఇంట్లో పెరుగుతారు. హిమ తన కన్నబిడ్డేనని తండ్రికి తెలియదు. ఈ ఒక్క అపార్థం మీద కథ ఏళ్ల తరబడి సాగింది.

2. రాత్రికొక కథ: పాత ఇతివృత్తం, కొత్త అమరిక

దాంపత్య ద్రోహం తెలుగు కథకు కొత్త కాదు. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’లో పరపురుషుని చేరబోయే ఇల్లాలిని ఒక హంస రాత్రికొక కథ చెప్పి ఆపుతుంది. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో ఆ పని చిలుక చేస్తుంది. కథ చెప్పడమంటే అక్కడ వాయిదా వేయడమే. ఆ వాయిదాకు మూలం ఇల్లాలి కోరిక. కవి ఆమెను మెచ్చకపోవచ్చు. అయినా ఆమెకు కోరిక ఉందని ఒప్పుకోకపోతే అసలు కథే లేదు.

ధారావాహిక కూడా రాత్రికొక భాగంగా నడిచే వాయిదా కథే. అయితే ఇక్కడ వాయిదా పడేది ద్రోహం కాదు, ద్రోహం జరగలేదన్న సత్యం. నేటి ఇల్లాలు గడప దాటి వెళ్లేది కోరికతో కాదు, నిందతో. ఇతివృత్తం పాతదే అయినా నాయికలోని ఇచ్ఛ తొలగిపోయింది. 1920ల నాటి చలం ‘మైదానం’ పక్కన పెట్టి చూస్తే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. భర్తను విడిచి అమీర్‌తో వెళ్లిన రాజేశ్వరి తన కథను తానే చెబుతుంది. పాఠకుని క్షమ ఆమెకు అక్కర్లేదు. దీప మాత్రం ప్రేక్షకుల సానుభూతి ఒక్క రాత్రి కోల్పోయినా నిలవలేని నాయిక.

3. నిరూపణ భారం ఎవరిది?

ధారావాహికను చూసినవారు తరచుగా అడిగిన ప్రశ్న ఒకటుంది: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోయే విషయాన్ని ఇంతకాలం సాగదీయడమేమిటి? ప్రశ్న సమంజసమే. వైద్యుడైన కార్తీక్ తన గురించి వచ్చిన ఒక్క నివేదికను మళ్లీ పరీక్షించుకోకపోవడం కథలోని పెద్ద లోపం. అయితే ఈ ప్రశ్న వెనుక ఉన్న భావనను కూడా పరిశీలించాలి. పరీక్ష జరిగి దీప నిర్దోషి అని తేలితేనే ఆమెకు న్యాయం దక్కాలన్నది ఆ భావన.

ఈ విషయంలో చట్టం ధారావాహిక కంటే ముందుంది. 2024 వరకు అమల్లో ఉన్న 1872 నాటి భారత సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమే. కాదనేవారు దంపతులు కలిసే అవకాశమే లేదని రుజువు చేయాలి. అంటే భారం నింద మోపినవారిది. ధారావాహిక ప్రసారమవుతున్న కాలంలోనే, 2018 సెప్టెంబరు 27న, సుప్రీంకోర్టు జోసెఫ్ షైన్ కేసులో భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను కొట్టివేసింది. భార్య భర్త సొత్తు కాదని స్పష్టం చేసింది. అదే కాలంలో రాత్రి 7.30 గంటలకు ఒక భర్త విచారణ లేకుండా భార్యకు శిక్ష వేస్తూ కనిపించాడు. కథ ఆ పనిని ద్రోహమనలేదు, అపార్థమన్నది. అపార్థానికి కారకురాలు మరొక స్త్రీ కనుక భర్త కూడా బాధితుడయ్యాడు.

4. దోషం బదిలీ: మోనిత

నాయికకు దక్కని కోరిక, కోపం, పంతం, తెలివి అన్నీ మోనితకు దక్కాయి. ఆమె చదువుకున్నది, సంపాదిస్తున్నది, తనకేం కావాలో తెలిసినది. ఈ గుణాలన్నీ కథలో నేరంతో ముడిపడి ఉన్నాయి. అమెరికన్ ధారావాహికలపై టానియా మోడ్లెస్కీ 1982లో వెలువరించిన అధ్యయనం ఇక్కడ ఉపకరిస్తుంది. తన నిస్సహాయతనే ఆయుధంగా మార్చుకునే ప్రతినాయికను స్త్రీ ప్రేక్షకులు ద్వేషిస్తూనే ఆమెలో తమ అణచుకున్న ఆగ్రహాన్ని చూసుకుంటారని ఆమె వివరించారు. మోనిత విషయంలోనూ ఇది వర్తిస్తుంది. కథను ముందుకు నడిపేది ఆమె, ఓర్చుకునేది దీప. ఒకే స్త్రీలో ఉండదగిన మంచిచెడులను ఇద్దరికి పంచడం వల్ల ఇద్దరూ అసంపూర్ణ పాత్రలయ్యారు.

5. నలుపు, శ్రమ, బస్తీ

నాయికకు ధారావాహిక ఇచ్చిన ఒకే ఒక ‘లోపం’ ఆమె శరీర వర్ణం. సమాజం లోపమనుకునేదాన్ని దేహానికి అంటించి, నడవడికి ఏ లోపమూ లేకుండా చేశారు. వర్ణవివక్షను ప్రధాన వినోద సమయంలో చర్చకు తేవడం మెచ్చదగినదే. కానీ నల్లని స్త్రీ గౌరవం పొందాలంటే మచ్చలేనిదై ఉండాలన్న షరతు మిగిలే ఉంది.

దీప బస్తీలో వంట చేసి బతికే ‘వంటలక్క’ కావడం ధారావాహిక సాధించిన అసలైన విజయం. తెలుగు ధారావాహికల్లో పెద్ద భవంతుల హాళ్లే ఎక్కువ. ఆ భవంతుల్లో ఎవరు ఎప్పుడు పనికి వెళ్తారో తెలియదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ వంటి ప్రాంతం అందుకు పూర్తిగా భిన్నమైనది. చుట్టుపక్కల పల్లెల నుంచి పూలు వచ్చే అక్కడి మార్కెట్టులో సూర్యోదయం కోసం ఎవరూ ఆగరు. అలాంటి పేటల్లో తన కూలి తాను సంపాదించుకునే స్త్రీకి దీప పొయ్యి దగ్గరి కష్టం పరాయిది కాదు. దీప భర్త డబ్బు కోసం చేయి చాచదు. ఆ ఆత్మగౌరవమే పాత్రకు బలం. అయినా సంపాదన ఆమెకు నైతిక స్వేచ్ఛను ఇవ్వలేదు. కథ ఆమెను బస్తీలో నిలిపినా, ఆమె చూపును మాత్రం భర్త ఇంటి గుమ్మం వైపే నిలిపింది.

6. రెండు పోలికలు

2020లో మొదలైన ‘ఇంటింటి గృహలక్ష్మి’కి బెంగాలీ ‘శ్రీమయి’ మాతృక. ఇందులో ద్రోహం చేసేది భర్తే. నందు లాస్యతో సంబంధం పెట్టుకుంటాడు, తులసి విడాకుల వరకు వెళుతుంది. ‘కార్తీకదీపం’ కంటే ఇది ఒక అడుగు ముందుకే. అయితే తులసి ఎంత దూరం నడిచినా ధారావాహిక పేరు ఆమెను గృహలక్ష్మిగానే పిలుస్తుంది.

2015లో బీబీసీ ప్రసారం చేసిన ‘డాక్టర్ ఫోస్టర్’, దానికి 2019లో హాట్‌స్టార్‌లో వచ్చిన హిందీ రూపం ‘అవుట్ ఆఫ్ లవ్’ మరో దారి పట్టాయి. మోసపోయిన భార్య అక్కడ వైద్యురాలు. ఆమె ప్రతీకారం కోరుతుంది, వృత్తి నియమాలను దాటుతుంది, తానూ తప్పు చేస్తుంది. అయినా భర్త చేసిన ద్రోహం చిన్నది కాదు. ఈ తేడాలో నిడివి పాత్ర కూడా ఉంది. కొద్ది భాగాల కథ నాయికపై ప్రేక్షకుల కోపాన్ని భరించగలదు. వారం వారం రేటింగులతో బతికే దైనందిన ధారావాహిక ఆ సాహసానికి వెనుకాడుతుంది. కానీ నిడివి కారణాన్ని చూపుతుంది తప్ప దాని ఫలితాన్ని సమర్థించదు.

7. ముగింపు

‘కార్తీకదీపం’ దీపను గెలిపించింది. అయితే ఆ గెలుపుకు ఆధారం ఆమె తప్పు చేయకపోవడం మాత్రమే. ఒకవేళ భర్త అనుమానం నిజమై ఉంటే? అప్పుడు కూడా ఆమెకు గూడు, గౌరవం, బిడ్డలపై హక్కు ఉండాలా? ధారావాహిక ఈ ప్రశ్నను తలెత్తనివ్వలేదు. మచ్చలేని స్త్రీకే న్యాయమన్న సూత్రం మంచి స్త్రీకి రక్షణలా కనిపిస్తుంది. ఆచరణలో అది ప్రతి స్త్రీనీ ముందు తన మంచితనాన్ని రుజువు చేసుకోమంటుంది. తెలుగు ధారావాహికలో నాయికకు తప్పు చేసే అవకాశం దక్కడమంటే తప్పును కీర్తించడం కాదు. స్త్రీ న్యాయాన్ని ఆమె శీలపరీక్ష నుంచి విడదీయడం. ‘హంసవింశతి’ ఇల్లాలికి ఉన్న ఇచ్ఛ, ‘మైదానం’ రాజేశ్వరికి ఉన్న గొంతు ‘వంటలక్క’కు దక్కే వరకు ఆ పని మిగిలే ఉంటుంది.