రొయ్య తవ్వకం, చేప కాపలా

గుండ్లకమ్మలోనో చెరువులోనో వల వేసేవాళ్లకు ఇసుకదొందు తెలుసు. ఇసుక రంగులో ఉండి, అడుగున కదలకుండా పడుకునే చేప. పొట్ట కింది రెండు వాజాలూ కలిసి ఒకటే గుండ్రటి పట్టుగా మారడం దాని గుర్తు. ఇది చేరే గోబీ కుటుంబంలో ఎక్కువ చేపలకు ఈ పట్టు ఉంటుంది. పశ్చిమ పసిఫిక్ పగడపు దిబ్బల దగ్గర బతికే యెల్లో వాచ్‌మన్ గోబీ కూడా ఆ కుటుంబానిదే. సుమారు పది సెంటీమీటర్ల చేప. ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లకు దీని మీద అంత మక్కువ ఎందుకో దాని బొరియ చూస్తే అర్థమవుతుంది.

ఆ బొరియను తవ్వేది చేప కాదు, పిస్టల్ రొయ్య. రొయ్య డెక్కలు దగ్గరికి చేర్చి, ఇసుకను ముందుకు నెట్టుకుంటూ ద్వారం దాకా తెచ్చి బయట పడేస్తుంది. వెంటనే లోపలికి వెళ్లి మళ్లీ ఇంకొంత తెస్తుంది. గవ్వముక్క గానీ పగడపు పెంకు గానీ దొరికితే మాత్రం పారేయదు. బావి తవ్వేటప్పుడు జారే మట్టికి రాతికట్టు కట్టినట్టు, ఆ ముక్కల్ని ద్వారం చుట్టూ, కప్పుకూ పేర్చుకుంటుంది. కట్టు కూలితే అక్కడే మళ్లీ పేరుస్తుంది.

రొయ్యకు చూపు బహు తక్కువ. అందుకే బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ ద్వారం దగ్గర తల బయటికి పెట్టి కాపలా కాస్తుంది. అనుమానం వస్తే తోకను చిన్నగా ఆడిస్తుంది. ఆ అదురు మీసంలోంచి అందగానే రొయ్య వెనక్కి తగ్గుతుంది. ముప్పు మరీ దగ్గరైతే గోబీ తల ముందు పెట్టి లోపలికి దూకుతుంది. చేప కాపలా లేనప్పుడు రొయ్య బయటికి రావడం అరుదు. ఇలాంటి జోడీల గురించి ఎర్రసముద్రంలో చూసి 1950లలోనే శాస్త్రవేత్తలు రాశారు. ఒక్క మీసం ఆధారంగా ఇంత నమ్మకమైన సంకేత వ్యవస్థ నడవడం నాకు బొరియకన్నా గొప్ప పనితనంగా కనిపిస్తుంది.

పెంచేవాళ్ల పని ఆ తవ్వకానికి తగిన చోటు ఇవ్వడం. సన్న ఇసుక ఒక్కటే పోస్తే బొరియ నిలవదు. సన్నదీ ముతకదీ కలిపి, గవ్వముక్కలు చేర్చి, ఎనిమిది పది సెంటీమీటర్ల మందాన పరవాలి. రాళ్లు ఇసుక మీద పెట్టకూడదు. ముందు తొట్టి అడుగు అద్దం మీదే కదలకుండా కూర్చోబెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే రొయ్య కింద తవ్వినప్పుడు బండ ఒరిగి జోడీని నలిపేస్తుంది. నా మట్టుకు మొత్తం అమరికలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

నూజెండ్ల లాంటి మెట్ట ఊళ్లో నీళ్ల సంగతి వేరే చూసుకోవాలి. పల్నాడులో చాలాచోట్ల బోరునీళ్లు గట్టివి, ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. కనుక ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలపాలి. సముద్రంలో ఉన్నట్టే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉండాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది కనుక తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలి. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన ఎండాకాలంలో చిల్లర్ గానీ, కనీసం నీటి మీద గాలి వీచే ఫ్యాన్ గానీ ఉండాలి, పంపుకు ఇన్వర్టర్ ఉండాలి. గోబీ ఎగిరి దూకుతుంది. పైన వల మూత తప్పదు.

తొట్టిలోంచి అప్పుడప్పుడు అద్దం చిట్లినట్టు చప్పుడు వస్తుంది. రొయ్య పెద్ద డెక్క మూసిన వేగానికి నీరు చిమ్మి, అందులో ఒక బుడగ పుట్టి కూలిపోతుంది. చప్పుడు డెక్క తగలడం వల్ల కాదు, ఆ బుడగ కూలడం వల్లేనని 2000లో తేల్చారు. ఆ పెద్ద డెక్క ఊడిపోయినా రొయ్య నిరాయుధం కాదు. పెంకు వదిలే కొద్దీ రెండోవైపున్న చిన్న డెక్క పెరిగి పిస్టల్‌గా మారుతుంది. ఊడిన చోట చిన్న డెక్క మొలుస్తుంది.