రెండు తూటాలు, ఒకే చిల్లు

ఎన్నికలొచ్చాయంటే బాగేపల్లి పల్లెల లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనుకు చేరతాయి. పంటమీద పడే అడవిపందులను బెదరగొట్టడానికి ఉంచుకున్న, మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులూ వాటిలో ఉంటాయి. వాటికి ప్రతి దెబ్బా చేత్తో కూర్చిందే. మందు చిటికెడు ఎక్కువైనా, పుల్లతో కాస్త గట్టిగా కూరినా దెబ్బ పడే చోటు మారిపోతుంది. గొట్టం లోపల గాడులు లేవు కాబట్టి ఆ మార్పులో వరుస కనిపించదు, వట్టి గందరగోళమే. అదే చేతిపనిని గాడులున్న రైఫిల్‌కు అప్పగిస్తే గందరగోళం వ్యాకరణంగా మారుతుంది. నన్ను కట్టిపడేసేది అదే.

గురి కదలలేదు, రైఫిల్ మారలేదు, తూటా మాత్రమే మారింది. దెబ్బ ఎందుకు జరుగుతుంది? బరువైన, నెమ్మదైన గుండు ఎక్కువ కిందికి పడాలి కదా అంటాం. దగ్గరి దూరంలో ఒక్కోసారి అది పైన తగులుతుంది! గుండు ఇంకా గొట్టంలో ఉండగానే రైఫిల్ వెనక్కి తన్ని మూతి లేవడం మొదలవుతుంది. నెమ్మదిగా వెళ్లే గుండు ఆ లేవడంలో ఎక్కువసేపు పాలుపంచుకుంటుంది. పైగా పేలుడుకు ఉక్కు గొట్టం నిలువునా వణుకుతుంది, కొంత పక్కకూ ఊగుతుంది. అందుకే ఒక తూటాకు సరిచేసిన గురి మరో తూటాకు ఎడమకో కుడికో తప్పుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా ముగిసిపోతుంది.

మన స్టేషన్ల గుమ్మాల్లో ఏళ్లతరబడి సెంట్రీల భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ చరిత్రలోనే ఈ పాఠం ఉంది. దాని మార్క్ 6 తూటా గుండు 215 గ్రెయిన్లు, మొద్దు మూతి, సెకనుకు సుమారు 2060 అడుగులు. 1910లో వచ్చిన మార్క్ 7 గుండు 174 గ్రెయిన్లు, సూదిమూతి, 2440 అడుగులు. గ్రాముకు పదిహేను గ్రెయిన్లకు పైనే, అంటే తగ్గింది మూడు గ్రాములైనా లేదు. అయినా రైఫిళ్ల సైట్లను కొత్త తూటాకు తగ్గట్టు మార్చాల్సి వచ్చింది.

సైన్యాలు గంపగుత్తగా చేసింది, చేత్తో తూటాలు నింపుకునే షూటర్లు గ్రెయిన్‌లో పదో వంతుల లెక్కన చేస్తారు. (మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయకూడదు.) అమెరికన్ షూటర్ క్రైటన్ ఆడెట్ పేరుమీద ఒక పరీక్ష ఉంది. తూటా తూటాకూ మందు కొంచెం కొంచెం పెంచుతూ, గురి ఒకేచోట ఉంచి, రెండు మూడు వందల గజాల దూరంలోని కాగితం మీద కాలుస్తారు. చిల్లులు మెట్లెక్కాలి. ఎక్కుతాయి కూడా. ఉన్నట్టుండి ఒకచోట రెండు మూడు ఎక్కడం మానేసి ఒకే ఎత్తున నిలబడతాయి. మందు పెరిగింది, ఎత్తు పెరగలేదు. తంబూరా మీటుతూ జీవాళి దారాన్ని వెంట్రుకవాసి జరుపుతుంటే ఒక్కచోట తీగ గొంతు విప్పుతుందే, అలాంటి క్షణం అది. కానీ మూడు చిల్లులకే మురిసిపోయేవాళ్లను నేను నమ్మను. యాదృచ్ఛికానికీ చక్కని గీతలు గీయడం వచ్చు.

పాయింట్ టూటూ తూటాకు ఈ భోగం లేదు. పేలుడు మసాలా దాని అంచులోనే ఉంటుంది, దాన్ని చేత్తో నింపరు. లండన్ 2012లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ అదే ఒలింపిక్స్‌లో, ఈ తూటాతోనే ఆడే 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలోనూ దిగారు. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, గుండు అడ్డుకొలత 5.6. ఆ ఆటలో గొట్టాన్ని బిగించి, తయారీ లాట్ల తూటాలను ఒక్కో లాటుగా కాల్చి, తమ గొట్టానికి నచ్చినదాన్ని కొనుక్కుంటారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, కాగితం మీద మాత్రం వేర్వేరు చిల్లుల గుంపులు. వండలేనివాడు రుచి చూసి ఎంచుకుంటాడు, అదీ రసజ్ఞతే.

అయితే నా మనసంతా త్రీనాట్‌త్రీ దగ్గరే. దాని బోల్ట్ వెనకభాగాన తాళం పడుతుంది, అందుచేత పేలినప్పుడు యంత్రం కాస్త వంగి, మూతి పైకి ఊగుతుంది. లోపమనే అనాలి. ఆ ఊపులో నెమ్మదైన గుండు ఆలస్యంగా బయటపడుతుంది, ఆపాటికి మూతి ఇంకొంచెం ఎత్తి ఉంటుంది. వేగమైనది ముందే, తక్కువ కోణంలో వెళ్లిపోతుంది. నింపినవాడి చేతిలో జరిగిన చిన్న తేడాను దారిలోనే గొట్టం సర్దేస్తుంది. వేల అడుగుల దూరంలో రెండు దారులూ ఒక్క బిందువుకు దిగుతాయి. దూరపు పోటీల్లో లీ-ఎన్‌ఫీల్డ్‌ను, అంటే ఈ త్రీనాట్‌త్రీనే, కోరి పట్టుకున్న షూటర్లున్నది ఇందుకే. ఇంతకంటే గట్టి, వంగని రైఫిళ్లు దగ్గర్లో దాన్ని ఓడించేవి. అవే రెండు తూటాలను నూరు గజాల్లో కాల్చి చూడండి: చిల్లులు విడిపోతాయి, నెమ్మదిది పైన, వేగమైనది కింద.